త్రుప్పును నలుపును

వరంగల్లు వీధులలో నేటికిని ప్రొద్దుటిపూట వినవచ్చు కేకలలో పాత ఇనుప సామానులు కొందుమను కేక యొకటి. ఆ కేక వినగానే ఇల్లాలు అటకమీదనుండి విరిగిన కుర్చీకాలును, అడుగుపోయిన బకెట్టును, వానితోపాటు అత్తగారినాటి ఇనుప పెంకను దింపించి త్రాసులో వేయించును. త్రాసునకు పెంకయు కుర్చీకాలును సమానమే. తూనికయు వెలయు తేలినంతనే పెంక గడప దాటిపోవును. కొన్ని దినములు గడచిన పిదప ఆ యింటివారే హనుమకొండలోని యొక అంగడికి పోయి, పూర్వుల వంటసామాను అను పేరిట అద్దాల బీరువాలో నిలిపిన క్రొత్త ఇనుప పెనమును, పాతదానికి వచ్చిన సొమ్మునకు పదింతలిచ్చి కొనితెచ్చుటయు గలదు.

అమ్మినదియు పెనమే, కొన్నదియు పెనమే. ఈ వింతను చూచి నవ్వి యూరకుండుట సులభము. కాని దీనివెనుక ఆలోచింపదగిన ప్రశ్న యొకటి యున్నది. పూర్వులు వాడిన వస్తువును బాగుచేసికొని మరల వాడుకలోనికి దెచ్చుట ధర్మమా, మోహమా? ధర్మమే యైనచో ఆ ధర్మము ఎవరి చేతులమీదుగా సాగవలెను? సంస్కారమును గోరు మన యిండ్లలో మొదటి ప్రశ్నను అడుగువారు పలువురు గలరు. రెండవదానిని అడుగువారు అరుదు. ఆ రెండవదియే ముఖ్యమని నా యభిప్రాయము. దానిని చేరుటకు ముందు వస్తువేదో, దాని గుణమేదో తెలిసికొందము.

ఇనుప పాత్రలన్నియు ఒకే జాతివి కావు. కమ్మరి కొలిమిలో కాచి సమ్మెటతో సాగగొట్టి చేసినది యొకటి. కరగించిన లోహమును ఇసుక అచ్చులో పోసి చేసినది మరియొకటి. ఈ రెండవదానినే పోత ఇనుమనియు, బీడనియు నందురు. సాగగొట్టిన మూకుడు పలుచన. క్రిందబడినచో సొట్టపోవును గాని పగులదు. సొట్టను కమ్మరి మరల సరిచేయగలడు. పోత పెనము మందము, బరువు, బండమీద జారిపడినచో రెండు ముక్కలగును, సమ్మెటకు లొంగదు. ఈ భేదమునకు మూలము వానిలోని కర్బనము. సాగగొట్టుటకు వీలైన మెత్తని ఇనుమున కర్బనము మిక్కిలి స్వల్పము. పోత ఇనుమున నది నూటికి రెండు పాళ్లకు మించి నాలుగు పాళ్లదాక నుండును. ఉక్కు ఈ రెంటికిని నడుమ నిలుచును. శుద్ధమైన ఇనుము కరగుటకు 1538 డిగ్రీల వేడి కావలయును. తగినంత కర్బనము చేరినచో 1150 డిగ్రీల చెంతనే కరగి నీరగును. కనుకనే దానిని అచ్చులో పోయుట సులభమైనది. ఆ సౌలభ్యమునకు చెల్లించిన వెలయే పెళుసుదనము.

మన తెలంగాణము ఇనుమునకు పరాయి దేశము కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మట్టిమూసలలో ఇనుమును మూసి, బొగ్గుల సెగలో కాచి, మేలైన ఉక్కును తీయు విధమును హెన్రీ వాయ్సే యను వైద్యుడు పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకములలో కన్నులార చూచి వ్రాసియుంచెను. ఆతడు గతించిన పిదప 1832 లో ఆ వ్రాత కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడెను. ఆ యుక్కును కొనుటకు పారసీక వర్తకులు ఆ మారుమూల పల్లెకు వచ్చుచుండెడివారు. పాశ్చాత్యులు వుట్జ్ అని పిలిచిన లోహమునకు ఉక్కు అను దక్షిణదేశపు మాటయే మూలమని పలువురు పండితుల మతము.

అయినను, ఈ కీర్తిని తెచ్చి మన అటకమీది పోత పెంకకు తగిలించుట న్యాయము గాదు. కోనసముద్రపు పనివారు చేసినది ఉక్కు. మన పల్లెల కమ్మరులు చేసినది సాగగొట్టిన ఇనుము. ఇనుమును పోతపోయు విద్యను చీనావారు క్రీస్తుకు పూర్వమే యెరుగుదురు. ఇంగ్లండున అబ్రహాం డార్బీ యనునతడు 1707 లో ఇసుక అచ్చులయందు ఇనుప కుండలను పోయు విధమునకు ప్రత్యేక హక్కును సంపాదించెను. సామాన్యుల వంటయిండ్లకు చవుకైన ఇనుప కుండ చేరుటకు అది మార్గమైనది. మన దక్షిణదేశమున జోషయా మార్షల్ హీత్ 1830 ప్రాంతమున తమిళ తీరమునందలి పరంగిపేటలో ఇనుప కర్మాగారమును నెలకొల్పెను. కర్మాగారములును రైలుమార్గములును వ్యాపించిన పిదపనే పోతసామాను ఊరూరికిని చేరగలిగెను. కావున అత్తగారి పెంక పోతదైనచో దాని వయస్సు రెండు మూడు తరములై యుండును గాని కాకతీయుల కాలమునకు పోదు. నేటి అంగళ్లలో వేయి యేండ్ల సంప్రదాయమని పొగడి యమ్ముట వర్తకుని నేర్పు. దానిని నమ్మి మురియుట మన యవివేకము. మూడు తరముల వారికి అన్నము పెట్టిన పాత్ర గౌరవము పొందుటకు ఆ మూడు తరములే చాలును. అబద్ధపు వంశావళి అక్కరలేదు.

ఇట్టి పాత్ర మన యిండ్లనుండి యేల వెడలిపోయెను? నేటి కోడండ్లకు ఓపిక లేకనని సభలలోను, పెండ్లిపందిళ్లలోను సులభముగా చెప్పువారు గలరు. ఈ మాటను పరీక్షింపక విడువరాదు. 1898 లో మదరాసు చిత్రకళాపాఠశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియపు పాత్రల పనిని ఆరంభించెను. తేలికగా నుండి, త్రుప్పు పట్టక, చవుకగా దొరకు పాత్ర అదివరకు లేదు. 1913 లో షెఫీల్డున హారీ బ్రేర్లీ త్రుప్పు పట్టని ఉక్కును కనుగొనెను. అదియే కొన్ని దశకములకు మన వీధులలో పాతబట్టలకు మారుగా ఇచ్చు స్టీలు గిన్నెయై వచ్చెను. 1938 లో అమెరికాయందు రాయ్ ప్లంకెట్ చేతికి యాదృచ్ఛికముగా చిక్కిన టెఫ్లాను, అటుతరువాత పెనములపై పూతయై, నూనె లేకయే దోసె లేచివచ్చు వింతను చూపెను. ఈ మూడును స్త్రీకి ఏమిచ్చినవో తలచి చూడుడు. పోత పెంక బరువు రెండు మూడు కిలోలు. దానిని కట్టెల పొయ్యిమీదనుండి దినమునకు పలుమార్లు దింపి, బూడిదతో తోమి, తడియార్చి, నూనె రాచి పెట్టవలెను. ఒక్క రాత్రి తడిగా విడిచినచో తెల్లవారునప్పటికి ఎర్రబడును. ఇంటిల్లిపాదికిని వండి, చివర తాను తిని, ఆ పిదప పెంకను తోముటకు కూర్చున్న స్త్రీకి స్టీలు గిన్నె ఒక సంస్కర్త చేయు మేలునే చేసినది. ఇనుమును విడుచుట ఆమె దోషమనుట కృతఘ్నత.

దీనికి తోడు మూఢవిశ్వాసములు కొన్ని. ఇనుము శనికి ప్రీతియట. శనివారమునాడు దానిని కొనుట కీడట. ఇత్తడి, కంచు, రాగి శుభకార్యములకు పనికివచ్చును గాని ఇనుము పనికిరాదట. నాగలి కఱ్ఱు ఇనుము, కొడవలి ఇనుము, బావి గిలక ఇనుము. వీనివలన వచ్చిన అన్నము శుభమై, వానిని చేసిన లోహము అశుభమగుట యెట్లో చెప్పగలవారు లేరు. లోహములకు కట్టిన ఈ అంతస్తులు ఆ లోహములను చేయువారికిని అంటినవి. నేటికిని పెంబర్తి ఇత్తడిపనికి ప్రఖ్యాతియు, భౌగోళిక గుర్తింపును గలవు. అది మిక్కిలి యుచితము. దానికి కూతవేటు దూరమున కొడవలిని పదునుపెట్టు కమ్మరి కొలిమి చల్లారుచున్నను పలుకరించువారు లేరు.

ఇక పాత పెంకను బాగుచేయు విధమును చెప్పెదను. చదువరులలో కొందరైనను చేసి చూడవలెనని నా కోరిక. మొదట పెంకను వెలుతురున బెట్టి పగులున్నదేమో చూడవలెను. వ్రేలి కణుపుతో కొట్టినచో మంచిది ఖంగుమనును, పగిలినది బొంగురుగా పలుకును. పగిలిన పోతను పొయ్యి యెక్కింపరాదు. దానికి త్రాసే గతి. అది అవమానమును గాదు. పాత సామాను కొనువాడు దానిని మరల కొలిమికి చేర్చును, ఇనుము ఇంకొక రూపమున జీవించును. తన యింటిది గాక సంతలో కొన్న పాత పాత్ర యైనచో దానిలో ఎప్పుడైనను సీసము కరగించిరేమో విచారింపవలెను. జాడ తెలియని పాత్రను వంటకు వాడకుండుటయే మేలు.

పగులు లేదని తేలిన పిదప త్రుప్పును తీయవలెను. చింతపండు పులుసు గాని, నీరు కలిపిన సిర్కా గాని పట్టించి అరగంట యుంచినచో త్రుప్పు మెత్తబడును. ఎక్కువసేపుంచరాదు, పులుపు త్రుప్పును తినుట ముగించి ఇనుమును తినుట మొదలుపెట్టును. కొబ్బరిపీచుతో గాని ఇనుప పీచుతో గాని గట్టిగా తోమి, కడిగి, వెంటనే సన్నని సెగమీద బెట్టి చెమ్మ యావత్తు పోవువరకు ఆర్పవలెను. మంటలో పడవేసి ఎర్రగా కాల్చిన అన్నియు పోవునని కొందరందురు. అట్లు చేసిన పోత పెనములు వంకరపోవుటయు పగులుటయు గలదు. ఆరిన పిదప నూనె పట్టించవలెను. నూనె బహు పలుచగా రాయవలెను. రాసి, రాయనే లేదన్నట్లుగా పొడిగుడ్డతో తుడిచివేయవలెను. పిదప పొగ వచ్చువరకు కాచి, చల్లార్చి, మరల రాచి, మరల కాచవలెను. ఇట్లు నాలుగైదు పర్యాయములు చేసినచో పెంక నల్లబడి నునుపెక్కును.

ఇందలి రహస్యమేమనగా, వేడికిని గాలికిని నూనెలోని అణువులు ఒకదానితో నొకటి పెనవేసికొని గట్టి పొరయై ఇనుమును అంటుకొనును. అన్ని నూనెలకు ఈ గుణము సమానముగా లేదు. గాలికి గట్టిపడు గుణము అవిసెనూనెకు మిక్కుటము; మన ప్రాంతమువారు పూర్వమునుండి యెరిగిన కుసుమనూనెకును గలదు; నువ్వులనూనెకు మధ్యమము; కొబ్బరినూనెకు బహు స్వల్పము. మన పెద్దలు గంజి పోసి నాననిచ్చి, ఉల్లిపాయ ముక్కలను నూనెలో మాడ్చి, మొదటి దోసెను పారవేసి పెనమును వాడుకకు తెచ్చుట ఈ పనికే మరియొక మార్గము.

ఇప్పుడు త్రుప్పునకును నలుపునకును గల భేదమును గమనింపుడు. రెండును కాలము వేసిన పొరలే. రెంటికిని వాడుకయో, వాడకపోవుటయో కారణము. కాని త్రుప్పు నీటితోడను ఆమ్లజనితోడను కూడిన ఇనుమే. అది బూజువలె వదులుగా నుండి, తన సందులగుండ మరింత తడిని లోనికి పిలుచును. ఇనుమును తిని అది పెరుగును. నలుపు అట్టిది గాదు; అది ఇనుముపై నిలిచి ఇనుమును కాచును. ఈ రెంటికిని తోడు మూడవది యొకటి గలదు: మాడు. ఏండ్ల తరబడి మాడిన పిండియు, కారిన నూనెయు గడ్డకట్టి, చూపునకు నలుపువలెనే యుండును. గోటితో గీకినచో పెచ్చులుగా లేచును. దాని క్రింద తడి చేరి త్రుప్పు దాగియుండును. కనుక నల్లనిదెల్ల మంచి నలుపు గాదు. మాడును నలుపని భ్రమించి నిలుపుకొన్నవాడు పెంకను చెరచును. నలుపును మాడని భ్రమించి గీకివైచినవాడు మూడు తరముల పనిని ఒక్క పూటలో పోగొట్టును.

మన యాచారముల విషయమున జరుగుచున్న వాదము లన్నియు ఈ మూడింటి చుట్టును తిరుగుచున్నవి గదా! పాతదెల్ల త్రుప్పనువారు ఒక కక్ష. పాతదెల్ల నలుపనువారు ఒక కక్ష. వస్తువును చేతబట్టి గోటితో గీకి చూచు ఓపిక ఇరువురకును లేదు. అయినను ఈ యుపమానమును కొంతవరకే సాగదీయవలెను. పెంకకు నోరు లేదు. కనుక త్రుప్పేదో మనము పరీక్షించి నిర్ణయింపవచ్చును. ఆచారము మనుష్యులమీద నడుచును. అది కాచుచున్నదో, తినుచున్నదో తెలియవలెనన్నచో దానివలన సుఖపడువానిని గాక దాని బరువు మోయువారిని అడుగవలెను. ఈ న్యాయమునే పెంకకు మరల అన్వయించినచో నా రెండవ ప్రశ్న యెదురగును. ఇనుప పెంకలోని వంట రుచిని గూర్చి తిన్నవాడు సాక్ష్యము చెప్పవచ్చును. ఇనుప పెంక ఇంటికి మేలా కాదా యనుటకు తోమినవారి సాక్ష్యము కావలయును.

తిన్నవాని సాక్ష్యమునే మొదట విందము, అందును సత్యము గలదు. ఇనుప పెంక విలువ వరంగల్లు ప్రాంతమున సర్వపిండియందు తెలియును. కొన్ని యెడల దీనినే గిన్నప్ప యనియు, తపాలచెక్క యనియు నందురు. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారము, ఉల్లికాడలు కలిపి తడిపి, నూనె రాచిన చల్లని పెంకలో చేతితో ఒత్తి, వ్రేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లులలో నూనెచుక్కలు విడిచి, మూతబెట్టి సన్నని సెగమీద కాల్చుదురు. వేడిని ప్రసరింపజేయుటలో ఇనుము అల్యూమినియముకంటె మూడు నాలుగు రెట్లు మందకొడి. కాని మందముగల పోత పెంక ఒకసారి వేడెక్కినచో ఆ వేడిని చాలసేపు విడువదు. అందువలన పిండి అడుగు మాడక, లోపల ఉడికి, అంచు కరకరలాడును. రెండవదానిని ఒత్తుటకు పెంక మరల చల్లారవలెను. పలుచని గిన్నెలైనచో అడుగున నీళ్లు చల్లి తొందరపెట్టవచ్చును. వేడి పోత పెంకపై చన్నీళ్లు పడినచో పగులును. రెండు పెంకలు పెట్టుకొనవలెను, లేదా నిదానముగా కాచుకొని యుండవలెను. పులుసులును, టమాటాలును ఇనుమునందు వండి నిలువచేయరాదు. కూర నల్లబడి లోహపు రుచి పుట్టును, పట్టించిన నలుపును కరగును.

ఆరోగ్యమును గూర్చియు కొంత చెప్పవలెను. ఇనుప పాత్రలో వండిన పదార్థములకు, అందును తడియు పులుపును గలవానికి, కొంత ఇనుము చేరుననుట పరీక్షలలో తేలిన విషయము. 1999 లో లాన్సెట్ పత్రికయందు ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఇథియోపియా దేశమున ఇనుప కుండలలో వండిన అన్నము తిన్న బిడ్డలకు అల్యూమినియపు కుండల యిండ్లలోని బిడ్డలకంటె రక్తము ఎక్కువగా పుంజుకొనెను. మన దేశమున 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నవారు. ఇంతటి దేశమున ఇనుప పెంక చేయు సహాయమును త్రోసివేయరాదు. అట్లని దానిని మందుగా ప్రకటించుటయు మోసమే. పాత్రనుండి చేరు ఇనుమును శరీరము కొంత మాత్రమే గ్రహించును. భోజనముతోపాటు నిమ్మరసమో ఉసిరికయో చేరిన ఎక్కువగాను, వెంటనే తేనీరు త్రాగిన తక్కువగాను గ్రహించును. రక్తహీనతకు కారణము ఇనుము లోపమే కానక్కరలేదు. తలసీమియా వంటి వ్యాధిగలవారికి అధికమైన ఇనుము హానిని చేయును. వైద్యుని అడుగవలసిన చోట పెంకను అడుగరాదు.

ఇంకొక సంగతియు ఇచటనే చెప్పవలెను. రక్తహీనత స్త్రీలలో ఇంత హెచ్చుగా నుండుటకు వంటపాత్ర యొక్కటే కారణమా? ఇంటివారందరును తినిన పిదప అడుగు మిగిలినది తినుట, కూర చాలనినాడు పచ్చడి మెతుకులతో సరిపెట్టుకొనుట యను పద్ధతి మన యిండ్ల మాడు. ఆ మాడును గీకక, ఆమె చేతికి ఇనుప పెంకనిచ్చి, ఇందులో వండి ఆరోగ్యముగా నుండుమని చెప్పుట ఎంత వింత! ఆమె వండిన ఇనుము ఆమెకంటె ముందు ఇతరుల పళ్లెములలోనికి పోవును.

ఇక తోమినవారి సాక్ష్యము. 2019 లో కేంద్రప్రభుత్వమువారు జరిపిన కాలవినియోగపు లెక్కలో, జీతము లేని యింటిపనిలో పాల్గొను స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, అట్టి పనిలో పాల్గొను పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలెను. అందును, ఇంటిపనిలో పాల్గొను స్త్రీలు నూటికి 81 మంది యుండగా పురుషులు 26 మందియే. ఈ యంకెలను ఎదురుగా నుంచుకొని, మన యింటికి ఇనుప పెంక మరల వచ్చుచున్నదని చెప్పుకొందము. తోముట, ఆర్చుట, నూనె రాచుట యను పనులు ఏ యైదు గంటలలో చేరును? దినమునకు పావుగంట అధికమైనను అది ఎవరి పావుగంట? పూర్వాచారమును పునరుద్ధరించితినని మిత్రులకు చెప్పుకొను గృహస్థుడు ఆ పెంకను ఒక్కనాడైనను ఆర్చి పెట్టెనా? పనిమనిషి తోమునందురా? ఆమెకు జీతమెంత పెంచితిరి? స్టీలు గిన్నెల లెక్కకు కుదిరిన మనిషిచేత మూడు కిలోల పెంకను అదనముగా తోమించుట పూర్వులయెడ భక్తి కాదు.

దీనికి బదులుగా ఒక వాదము వినవచ్చును. పెంకను తోముట యెంతటి పని, దీనినింత పెద్దచేసి చూపనేల యని. అంతటి చిన్నపనియే యైనచో గృహస్థుడు చేయుటకు అడ్డేమి? చిన్నపని యని మనమనునదెల్ల తరచుగా ఇతరులు చేయు పనియే. మరియొక వాదము గలదు: పెంకను వాడుటలో ఇంత చిక్కున్నచో త్రాసులో వేయుటయే మేలుగదా యని. బరువు మోయలేనివారు, చేతులు నొచ్చువారు, ప్రొద్దున లేచి ఉద్యోగమునకు పరుగెత్తువారు అట్లు చేసినచో నేనేమియు ననను. స్టీలు గిన్నెలో వండిన అన్నమునకు పాపమంటదు. కాని వీలున్నవారు పెంకను నిలుపుకొనుటకు నాకొక కారణము తోచుచున్నది.

మన యింటి వస్తువులలో పెక్కింటికి మనము చేయవలసినది కొనుట, వాడుట, పారవేయుట మాత్రమే. ఇత్తడి బిందెకు కళాయి వేయుటకు వెనుక వీధులవెంట పనివాడు వచ్చెడివాడు. అతడు వచ్చుట తగ్గగా బిందెలు అటకలెక్కెను. పూత పెనమునకు పూత పోయినచో ఇంటిలో చేయదగినది లేదు. ఇనుప పెంక యట్లుగాదు. అది చెడుట మన యశ్రద్ధవలన, బాగుపడుట మన చేతివలన. ఏ స్థితినుండియైనను, పగులనంతవరకు, దానిని మరల తేవచ్చును. ఇట్టి వస్తువు ఇంటనుండుట పిల్లలకు చదువు. పదేండ్ల బాలుడు భోజనానంతరము పెంకను తుడిచి, సెగమీద ఆర్చి, నూనెగుడ్డతో రాచి గూటిలో పెట్టెననుకొందము. తాను తిన్న అన్నము వెనుక ఒక పని గలదనియు, ఆ పనిలో తనకు భాగము గలదనియు వానికి ఉపన్యాసము చెప్పనక్కరలేదు. వాని అక్కకు మాత్రమే ఆ పని చెప్పినచో మనము నేర్పినది వేరొక పాఠము.

కావున పూర్వులనుండి మనకు సంక్రమించినది పెంక కాదు, పెంకను కాచుకొను శ్రద్ధ. పెంకను అంగడిలో కొనవచ్చును. శ్రద్ధను కొనుటకు వీలులేదు. ఆ శ్రద్ధను ఇన్ని తరములు స్త్రీలు మాత్రమే మోసిరి గనుక దానికి పేరైనను లేకపోయెను. నేడు దానికి సంప్రదాయమని పేరుపెట్టి పొగడుచున్నాము. పొగడుటకు ముందు పంచుకొనవలెను. పంచుకొనిన యింట ఇనుప పెంక ధర్మము. పంచుకొనని యింట అది అలంకారము, ఒక్కొక్కయెడ దౌర్జన్యము.

చదువరులు ఆచరణకు దిగదలచినచో మూడు నియమములు చాలును. మొదటిది, పెంకను తెచ్చుటకు ముందు ఇంట తోమువారిని అడుగవలెను. వారు వలదన్నచో తేగూడదు. రెండవది, ఏ పూట ఎవరు తిందురో వారిలో నొకరు వంతువేసికొని పెంకను ఆర్చి నూనె రాయవలెను. ఇంటి యజమానునికి వంతు తప్పరాదు. మూడవది, పిడి ఊడినను, మూకుడు సొట్టపోయినను క్రొత్తది కొనుటకు ముందు కమ్మరి కొలిమికి పోవలెను, బేరమాడక కూలి నీయవలెను. పోత పెంక పగులును ఆతడు బాగుచేయజాలడు. సాగగొట్టిన మూకుడును తప్పక బాగుచేయును. మన ప్రాంతమున ఇనుము చేయు చేతులు ఇంకను గలవు. వానికి పని కావలయును.

పాత సామానుల కేక రేపును వినవచ్చును. అటకమీది పెంకను దింపినప్పుడు త్రాసులో వేయుటకు ముందు దానిని ఒక్కసారి వెలుతురున బెట్టి చూడుడు. ఖంగుమని పలికినచో ఇంటివారినందరిని పిలిచి, దీనిని తోమువారెవరని అడుగుడు. ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చినచో నిలుపుకొనుడు. అందరును ఒకరివైపే చూచినచో, ఆ పెంకను నిశ్చింతగా అమ్మివేసి, గీకవలసినది మరియొకటి ఇంట నున్నదని గ్రహింపుడు.